బరువు తగ్గింది, బలం పోయింది: వార్ధక్యం, ఊబకాయం కలిసి ఉన్న ఒక రోగి కేస్ స్టడీ

ఈ కేసులో అరుదైన జబ్బేదీ లేదు. అయినా దీన్ని మొదటి నుంచి చివరి దాకా రాసి పెట్టాలనుకున్నాను. వృద్ధులకు ఒక విభాగం, ఊబకాయానికి మరో విభాగం ఉన్న చోట, ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటే ఆ మనిషి ఎవరి బాధ్యతా కాకుండా పోవడం ఎంత సులభమో ఈమె చికిత్సలో నేను దగ్గరగా చూశాను. గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలను మార్చాను. వైద్య నిర్ణయాలను, వాటి వెనుక ఉన్న ఆలోచనను మాత్రం జరిగినట్టే ఉంచాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో ప్రతి 8 మందిలో ఒకరు ఊబకాయంతో ఉన్నారు. పెద్దవారిలో ఈ సంఖ్య 1990తో పోలిస్తే రెట్టింపు దాటింది. 2030 నాటికి ప్రతి ఆరుగురిలో ఒకరు 60 ఏళ్లు పైబడినవారే అవుతారని, 2050 నాటికి 80 దాటినవారు 42.6 కోట్లకు చేరతారని అదే సంస్థ అంచనా. ఈ రెంటినీ రెండు వేరు వేరు సమస్యలుగా చర్చించడం మనకు అలవాటు. కానీ మధ్యవయసులో ఊబకాయంతో ఉన్నవారే, రక్తపోటు, మధుమేహం మందుల పుణ్యమా అని ఆయుష్షు నిలుపుకుని, ఇప్పుడు డెబ్భైలలోకి అడుగుపెడుతున్నారు. వార్డుకు వచ్చేది రెండు సమస్యలు కాదు, ఒక్క మనిషి.

నేపథ్యం

రోగి వయసు 74. భర్తకు 79 ఏళ్లు, ఇంట్లో ఉండేది వారిద్దరే. ఆమెకు 20 ఏళ్లుగా రక్తపోటు, 15 ఏళ్లుగా టైప్ 2 మధుమేహం, రెండు మోకాళ్లలోనూ ముదిరిన అరుగుదల ఉన్నాయి. రాత్రి నిద్ర సరిగా పట్టదు, పగలు కూర్చున్న చోటే కునుకు పడుతుంది. బరువు 98 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు; ఆ లెక్కన బీఎంఐ 42.4. పాత రికార్డుల్లో ఎత్తు 158 అని ఉంది. వయసుతో వెన్ను కుంగి ఆమె 6 సెంటీమీటర్లు తగ్గారు. అదే బరువును పాత ఎత్తుతో లెక్కిస్తే బీఎంఐ 39.3 మాత్రమే వస్తుంది. అంటే, ఒక్క కిలో పెరగకుండానే ఆమె ఊబకాయం కాగితం మీద ఒక మెట్టు పైకెక్కింది. బీఎంఐ ఎత్తుకు, బరువుకు ఉన్న సంబంధాన్ని చెబుతుందే తప్ప ఆ బరువులో కొవ్వెంత, కండెంత, నీరెంత అన్నది చెప్పదు. యువకుల విషయంలో ఇది చిన్న లోపం. వృద్ధుల విషయంలో చాలా పెద్దది.

ఆమె నాలుగు విభాగాలకు తిరుగుతున్నారు, రోజుకు 13 మాత్రలు వేసుకుంటున్నారు. నాలుగు చోట్ల రాసిన చీటీల్లోనూ చివరి వాక్యం ఒకటే: బరువు తగ్గాలి. ఎలా తగ్గాలి, తగ్గేటప్పుడు ఏది పోకుండా చూసుకోవాలి అన్నది ఎక్కడా లేదు. అంతకు ముందు 11 నెలల్లో ఆమె రెండుసార్లు, ఒకసారి 9 రోజులు, మరోసారి 14 రోజులు, ఆసుపత్రిలో ఉన్నారు. మొదటిసారి చేరడానికి ముందు చేతికర్రతో ఇల్లంతా తిరిగేవారట. ఆ తర్వాత వాకర్ వచ్చింది. రెండోసారి ఇంటికి వెళ్లాక మంచం దగ్గర్నుంచి మరుగుదొడ్డి వరకే నడక. ఈ క్రమాన్ని నాకు చెప్పింది ఆమె భర్త. రెండు డిశ్చార్జి సమ్మరీలలోనూ ‘పరిస్థితి నిలకడగా ఉంది’ అనే రాసి ఉంది.

వచ్చిన సమస్య, మొదటి వారం

మూడోసారి ఆమె వచ్చినప్పుడు రెండు కాళ్లూ మోకాళ్ల దాకా ఎర్రగా వాచి ఉన్నాయి, కొద్దిగా ఆయాసం ఉంది, నాలుగు రోజులుగా లేచి నిలబడలేకపోయారు. మంచం మీద నుంచి జారి నేల మీద కూర్చుండిపోతే భర్త లేపలేకపోయారు. నలుగురు కలిసి అంబులెన్సులోకి చేర్చారు. రక్తపోటు 168/92. కేస్ షీటు మీద పడిన పేర్లు రెండు కాళ్ల సెల్యులైటిస్ (చర్మానికి, దాని కింది పొరలకు సోకే ఇన్ఫెక్షన్), అదుపులో లేని రక్తపోటు, తీవ్రమైన ఊబకాయం. ‘నిలబడలేకపోవడం’ ఒక లక్షణంగానే మిగిలిపోయింది, ఎవరూ దాన్ని రోగనిర్ధారణగా చూడలేదు.

మొదట చేసినవాటిలో ప్రతిదానికీ ఒక కారణం ఉంది, విడిగా చూస్తే ఏదీ తప్పుగా అనిపించదు. కాళ్లు ఎర్రగా ఉన్నాయి కాబట్టి నరం ద్వారా యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. వాపు ఉంది కాబట్టి, ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే ఫ్యూరోసమైడ్ పెంచాం. రక్తపోటు ఎక్కువగా ఉంది కాబట్టి అప్పటికే ఉన్న రెండు మందులకు మూడోది కలిపాం. మరుగుదొడ్డికి తీసుకెళ్లాలంటే ముగ్గురు కావాలి, రాత్రి డ్యూటీలో వార్డు మొత్తానికే ముగ్గురు నర్సులు ఉంటారు కాబట్టి మూత్రానికి క్యాథెటర్ వేశాం. ఆక్సిజన్ శాతం 90 ఉంది కాబట్టి ముక్కు గొట్టం పెట్టాం. నిద్ర పట్టడం లేదన్నారు కాబట్టి ఇంట్లో వేసుకునే నిద్రమాత్రను కొనసాగించాం. బరువు ఎక్కువ కాబట్టి రోజుకు 1,000 కేలరీల ఆహారం రాశాం. ఈ ఆదేశాలన్నింటి కింద నా సంతకం ఉంది.

మూడో రోజున కూర్చోబెట్టబోతే కళ్లు తిరిగాయి. కాళ్ల ఎరుపు తగ్గలేదు. అయిదో రోజు ఉదయానికి ఆమె మాట తడబడుతూ మగతలోకి జారిపోయారు. ఆరో రోజు ఒక నర్సు ఆమెను పక్కకు తిప్పి, పిరుదుల పైన చర్మపు మడతను విడదీసి చూస్తే అక్కడ ఒత్తిడి పుండు బయటపడింది. అది ఒక్క రోజులో పుట్టిన పుండు కాదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని చార్టులో ఉంది, టిక్కులు కూడా ఉన్నాయి. కానీ ఆ మంచం ఆమె వెడల్పుకు సరిపోలేదు, పక్కకు తిరగడానికి అందులో చోటే లేదు. ఫిజియోథెరపిస్టు మూడుసార్లు వచ్చి వెళ్లారు. మూడుసార్లూ ‘రోగి సహకరించడం లేదు’ అని రాశారు. నాలుగో రోజున ఆమెను పైకి జరిపేటప్పుడు ఒక యువ నర్సుకు నడుము పట్టేసి సెలవు పెట్టాల్సి వచ్చింది.

ఆ వారంలో మాకు శుభవార్తగా కనిపించింది ఒక్కటే. బరువు 98 నుంచి 93కి దిగింది. రౌండ్స్‌లో దాన్ని మేం మంచి పురోగతిగానే చెప్పుకున్నాం. అయిదు కిలోలలో చాలా భాగం నీరే అయినా కొంత కండ అన్న సంగతి అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పరీక్ష కోసం 10 రోజులు మంచం మీద ఉంచితే, కాళ్లలో కండే దాదాపు ఒక కిలో కరిగిపోయిందని 2007లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. వారు జబ్బుపడినవారు కాదు, కడుపు మాడ్చుకున్నవారూ కాదు. మా రోగి జబ్బుతో, వెయ్యి కేలరీలతో, కదలిక లేకుండా పడుకుని ఉన్నారు.

ఏడో రోజు

ఏడో రోజు మధ్యాహ్నం రౌండ్స్ అయ్యాక కేస్ షీటు పక్కన పెట్టి ఆమె మంచం దగ్గర గంటసేపు కూర్చున్నాను. అప్పుడే బీపీ చూసే వేళయింది. నర్సు పట్టీ చుట్టి గాలి నింపుతుండగా అది చరచరమని ఊడిపోయింది. మళ్లీ చుట్టి, ఊడకుండా చేత్తో అదిమి పట్టుకుని రీడింగు తీశారు. రోజూ ఇలాగే తీస్తున్నారా అని అడిగితే, అవునన్నారు. టేపు తెప్పించి కొలిస్తే భుజం చుట్టుకొలత 46 సెంటీమీటర్లు. పెద్దలకు వాడే మామూలు పట్టీ 34 సెంటీమీటర్ల చుట్టుకొలత వరకే సరిపోతుంది. చాలా పెద్ద పట్టీ అవసరమైన చేతికి మామూలు పట్టీ వాడితే పై రక్తపోటు సగటున 20 దాకా ఎక్కువ చూపిస్తుందని 2023లో వచ్చిన ఒక క్లినికల్ ట్రయల్ తేల్చింది. మరో వార్డు నుంచి తొడకు వాడే పెద్ద పట్టీ తెప్పించి కొలిచాం: 140/78. కాళ్లు కిందికి వేలాడేసి మంచం అంచున కూర్చోబెట్టి కొలిస్తే 112/64. లేని రక్తపోటుకు మూడో మందు ఇచ్చి, ఉన్న కాస్త శక్తితో లేవబోయిన మనిషికి మేమే కళ్లు తిరిగేలా చేశాం.

అక్కడి నుంచి ప్రతి నిర్ణయాన్నీ మళ్లీ మొదటికి తెచ్చి చూశాను. సెల్యులైటిస్ రెండు కాళ్లకూ ఒకేసారి రావడం చాలా అరుదు. ఆమెకు జ్వరం లేదు, తెల్లకణాలు పెరగలేదు, కాళ్లను అరగంట ఎత్తుగా ఉంచితే ఎరుపు వెలిసిపోయింది. అది సిరల్లో రక్తం నిలవడం వల్ల వచ్చిన చర్మపు వాపు. దానికి తోడు, రక్తపోటుకు వాడుతున్న ఆమ్లోడిపిన్ కూడా పాదాల వాపు తెచ్చే మందే. రెండేళ్ల క్రితం ఒక విభాగంలో ఆ మాత్ర మోతాదు పెంచారు. రెండు నెలలకు వాపు వచ్చిందని మరో విభాగంలో ఫ్యూరోసమైడ్ ఇచ్చారు. దానివల్ల రాత్రి పదే పదే లేవాల్సి రావడంతో నిద్ర చెడిందని మూడో చోట నిద్రమాత్ర ఇచ్చారు. పొటాషియం 3.1కి పడిపోయి కండరాలు మరింత నీరసించాయి. ఒక్కో మందూ దాని ముందున్న మందు తెచ్చిన ఇబ్బందికి విరుగుడుగా వచ్చిందే.

మగతకు కారణం ధమని రక్త పరీక్షలో దొరికింది. కార్బన్ డయాక్సైడ్ పీడనం 64; అది చాలాకాలంగా నిలిచిపోతుంటే రక్తంలో పెరిగే బైకార్బనేట్ 34. బరువు ఛాతీని అణచడం వల్ల శ్వాస చాలక కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయే స్థితి ఇది. ఊబకాయం ఉన్నవారిలో పగటి వేళ ఆ పీడనం 45 దాటితే, మరే కారణమూ లేకపోతే, దీన్నే అనుకోవాలి. ఇలాంటి వారికి ఆక్సిజన్ ఎడాపెడా ఇస్తే, పైన నిద్రమాత్ర వేస్తే శ్వాస ఇంకా మందగిస్తుంది. మేం శాతాన్ని 98కి తెచ్చి, అది సాధించామనుకున్నాం. గత రెండు అడ్మిషన్ల రిపోర్టుల్లో కూడా బైకార్బనేట్ 30, 31 ఉంది. పగటి కునుకులు, రాత్రి గురక గురించి భర్త చెప్పనే చెప్పారు. ఆ మాటను, ఆ అంకెను పక్కపక్కన పెట్టి చూసిన వారు లేరు.

చివరగా చేతి పట్టు కొలిచాను: 11 కిలోలు. స్త్రీలలో ఇది 16 కంటే తక్కువైతే కండబలం తగ్గిందని యూరప్ నిపుణుల ప్రమాణం, 18 కంటే తక్కువైతే అని ఆసియా నిపుణుల ప్రమాణం. ఏ ప్రమాణం తీసుకున్నా ఆమె చాలా దిగువన ఉన్నారు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా ఒక్కసారి కూడా లేవలేరు. వృద్ధుల్లో కండ కరిగిపోవడాన్ని సార్కోపీనియా అంటాం. ఆ మాట వినగానే మన కళ్ల ముందు ఎముకలు తేలిన సన్నని మనిషి మెదులుతాడు. ఇక్కడ కొవ్వు కింద కండ కరిగిపోయింది, పైకి కనిపించదు. తొంభై ఎనిమిది కిలోల శరీరాన్ని మోయడానికి యాభై కిలోల మనిషికి కూడా చాలని కాళ్లు ఉన్నాయి.

సహకరించకపోవడం గురించి కూడా ఆ గంటలోనే అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ పిల్లకి నడుం ఎలా ఉంది డాక్టరు గారూ?’ అన్నారు. నడుము పట్టేసిన నర్సు గురించి. ‘నన్ను లేపబోయి ఇంకెవరికైనా ఏదైనా అయితే? నేను పడుకునే ఉంటాను, ఫర్లేదు’ అన్నారు. మూడుసార్లు నిరాకరించడం వెనుక ఉన్నది ఇది, మోకాలి నొప్పి, పడిపోతానన్న భయం. చార్టులో మూడు మాటల వాక్యంగా మారింది ఇదంతా.

ఎక్కడికి పంపాలి

ఆమెకు కావలసింది పునరావాస చికిత్స అని తేలాక, దాన్ని ఎక్కడ ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. నా వృత్తి జీవితంలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన రెండు రోజులు అవే. పునరావాస విభాగం వారు తమ మంచాల బరువు పరిమితి సరిపోదని, ఇద్దరు మనుషుల సాయం అవసరమైన రోగిని తీసుకోలేమని చెప్పారు. ఊబకాయ క్లినిక్‌లో చేర్చుకునే వయసు 70 వరకే. వృద్ధుల వార్డులో వెడల్పు మంచం లేదు. ఎవరూ మొరటుగా మాట్లాడలేదు. అందరూ తమ నిబంధన చదివి వినిపించారు. ఆ నిబంధనలు రాసినప్పుడు వృద్ధులంటే బక్కచిక్కినవారు, ఊబకాయులంటే మధ్యవయస్కులు అన్న లెక్క ఉన్నట్టుంది.

బరువు తగ్గించే ఆపరేషన్‌ను ఆ స్థితిలో ఆలోచించే ప్రశ్నే లేదు. సెమాగ్లుటైడ్ తరగతి ఇంజెక్షన్ల మీద మాత్రం మా మధ్య గట్టి చర్చ జరిగింది. మధుమేహానికీ పనికొస్తుంది కదా అని ఒకరి వాదన. ఆ మందులు ఆకలిని తగ్గిస్తాయి, తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. ఇప్పటికే తినలేక, కదలలేక ఉన్న మనిషికి ముందు బలం రావాలి, బరువు సంగతి తర్వాత అని నేను వాదించాను. మంచి మందును తప్పుడు వేళలో ఇవ్వకూడదన్న నిర్ణయానికి వచ్చి ఆరు నెలలకు వాయిదా వేశాం.

ఎవరూ తీసుకోకపోవడంతో మా వార్డులోనే చేయాలని తీర్మానించుకున్నాం.

ఫలితం ఇచ్చినవి

మొదట మందులు తీసేశాం. యాంటీబయాటిక్, ఆమ్లోడిపిన్, కొత్త రక్తపోటు మందు ఆపాం, ఫ్యూరోసమైడ్ సగం చేశాం. నిద్రమాత్రను ఇంతకాలం వాడాక ఒక్కసారిగా ఆపితే ఇబ్బంది కాబట్టి, రాత్రంతా శ్వాసను గమనిస్తూ మెల్లగా తగ్గించాం. 13 మాత్రలు 7 అయ్యాయి. ఆక్సిజన్ శాతం 88–92 మధ్య ఉంటే చాలని రాసి, రాత్రిపూట మాస్కుతో శ్వాస అందించే బైప్యాప్ యంత్రం పెట్టాం. రెండో ఉదయానికే ఆమె మాట తేటపడింది. క్యాథెటర్ తీసేశాం. మరుగుదొడ్డికి వెళ్లాల్సిన ప్రతిసారీ లేవాలి, ఆ లేవడమే వ్యాయామం.

ఆహారం విషయంలో అసలు చిక్కు వచ్చింది. అనారోగ్యంతో ఉన్న వృద్ధులకు రోజుకు కిలో బరువుకు 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలంటాం. ఏ బరువుకు? చేరినప్పటి 98 కిలోలకు లెక్కిస్తే దాదాపు 118 గ్రాములు, అది ఆమె తినగలిగింది కాదు. ఎత్తుకు తగిన ఆదర్శ బరువు 45 కిలోలకు లెక్కిస్తే 54 గ్రాములే, కోల్పోయిన కండను తిరిగి కట్టడానికి అది చాలదు. ఆదర్శ బరువుకు, అదనపు బరువులో 40 శాతం కలిపి 66 కిలోలుగా తీసుకుని, మూత్రపిండాల పనితీరు బాగుందని చూసుకుని, 80 గ్రాములు నిర్ణయించాం. వెయ్యి కేలరీల పరిమితి ఎత్తేశాం. ఒక పూటే ఎక్కువ పెట్టకుండా మూడు పూటలకూ సమంగా పంచాం.

అద్దెకు వెడల్పైన, ఎత్తు సర్దుబాటు చేసుకునే మంచం, చేతులున్న గట్టి కుర్చీ, రోగిని ఎత్తే హాయిస్టు తెప్పించాలని అడిగితే పరిపాలన విభాగం ఖర్చు గురించి అడిగింది. నేను రాసిన జవాబులో వైద్యం కంటే లెక్కే ఎక్కువ ఉంది. ప్రస్తుతం ఆమెను ఒకసారి జరపడానికి నలుగురు కావాలి, ఎప్పుడు దొరుకుతారో తెలియదు. హాయిస్టుతో ఇద్దరు చాలు. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పావుగంట, ఇద్దరు చొప్పున అంటే రోజుకు గంటన్నర మనిషి శ్రమ. పుండు ముదిరితే అంతకంటే ఎక్కువ సమయం దాని డ్రెస్సింగుకే పోతుంది. నడుము పట్టేసిన నర్సు సెలవు రోజులను కూడా అందులో రాశాను. మూడు రోజుల్లో మంచం వచ్చింది.

కొత్త మంచం కన్నా ఎక్కువగా అక్కరకు వచ్చింది వేళ అని నా నమ్మకం. ఉదయం 8, మధ్యాహ్నం 1, సాయంత్రం 6. ఆ వేళలకు ఇద్దరి పేర్లు ముందురోజే రాసి పెట్టేవాళ్లం. అరగంట ముందు పారాసెటమాల్. మంచం ఎత్తు పెంచి, దాదాపు నిలబడిన స్థాయి నుంచి లేవడం మొదలుపెట్టి, రెండు రోజులకోసారి కొద్దికొద్దిగా ఎత్తు తగ్గించారు ఫిజియోథెరపిస్టు. ఎత్తు తగ్గితే కాళ్లకు పని పెరుగుతుంది, బరువులెత్తే వ్యాయామం ఇదే. 65 ఏళ్లు దాటిన 160 మంది ఊబకాయుల మీద 2017లో ప్రచురితమైన ఒక ట్రయల్‌లో, బరువు తగ్గడంతో పాటు నడక, కండ వ్యాయామం రెండూ చేసినవారి శారీరక సామర్థ్యం 21 శాతం పెరిగింది. ఏదో ఒకటే చేసినవారికి 14 శాతం. మా రోగికి నడక ఇంకా దూరం, కనుక రెండింటిలో కండతోనే మొదలుపెట్టాం. మొదటి రోజు ఆమె చూడాలని హాయిస్టుతో మమ్మల్నే ఒకరిని ఎత్తి దింపి, ఎవరి నడుముకూ భారం పడదని చూపించాం. నాలుగో పూటకు ఆమె తానే టైము అడిగారు.

12వ రోజున ఇద్దరి సాయంతో నిలబడ్డారు. 19వ రోజున ఆరడుగులు వేశారు. 24వ రోజున జలుబు చేసి మళ్లీ మూడు రోజులు మంచం పట్టారు, వారం శ్రమ వెనక్కు పోయింది. 31వ రోజున వాకర్‌తో 15 మీటర్లు నడిచి, ఒక్కరి సాయంతో లేవగలిగిన స్థితిలో ఇంటికి వెళ్లారు. పుండు మానుతోంది. బరువు 92.

ఆ తర్వాత

డిశ్చార్జికి ముందు భర్తను కూడా పరీక్షించాను. ఆయన మా రోగి కాదు, కానీ మా ప్రణాళిక అంతా ఆయన భుజాల మీదే ఉంది. ఆయన పట్టు కూడా తక్కువే, గత ఏడాది రెండుసార్లు పడ్డారు. ఆయన ఆమెను లేపకూడదని స్పష్టంగా చెప్పి, రోజుకు రెండు పూటలు మనిషి వచ్చేలా ఏర్పాటు చేశాకే పంపాం.

ఆరు నెలలకు ఆమె బరువు 91. కాగితం మీద చూస్తే దాదాపు ఏమీ మారలేదు, బీఎంఐ ఇంకా 39. పట్టు 15 కిలోలు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా మూడుసార్లు లేస్తున్నారు, ఈ మధ్యలో మళ్లీ ఆసుపత్రిలో చేరలేదు. వాయిదా వేసిన ఇంజెక్షన్‌ను అప్పుడు, తక్కువ మోతాదుతో, మాంసకృత్తుల లెక్క, వ్యాయామం తప్పవన్న ఒప్పందం మీద మొదలుపెట్టాం. రాత్రి మాస్కు విషయంలో మాత్రం మేం నెగ్గలేదు. ముక్కు మీద ఒరుసుకుంటోందని వారంలో మూడు రాత్రులే పెట్టుకుంటున్నారు. మాస్కు రెండుసార్లు మార్చాం, బైకార్బనేట్ 29 దగ్గర ఉంది.

మా వార్డులో అడ్మిషన్ కాగితానికి మూడు గడులు కలిపాం: భుజం చుట్టుకొలత, చేతి పట్టు, ఆరు నెలల క్రితం ఎంత నడిచేవారు. మూడో గడి నింపడానికి ఇంటివారిని అడగాలి, అందుకే అదే ఎక్కువగా ఖాళీగా ఉంటోంది. దాన్ని నింపే బాధ్యతను మొదటి రోజు డ్యూటీ డాక్టరుకు అప్పగించాం. పునరావాస విభాగం బరువు పరిమితి మారలేదు. ఊబకాయ క్లినిక్ వయసు పరిమితిని సడలించమని రాసిన ఉత్తరానికి జవాబు రావలసి ఉంది. అద్దె గడువు ఇంకా ఉండడంతో, ఆమె వెళ్లిన మధ్యాహ్నమే ఆ వెడల్పు మంచాన్ని 69 ఏళ్ల మరో రోగికి ఇచ్చాం; ఆ సాయంత్రానికి అలాంటి మంచం అవసరమైనవారు వార్డులో ఇంకా ఇద్దరు ఉన్నారు.